మేకు పొడవు వెనకున్న గోడ చెప్పాలి

కొత్త ఫ్లాటుకి ఇంటీరియర్ చేయించుకునేవాళ్ల చేతికొచ్చే కొటేషన్ చూడండి. ప్లైవుడ్ ఏ కంపెనీదో ఉంటుంది. అది 303 రకమా, 710 రకమా అన్నదీ ఉంటుంది. లామినేట్ మందం, హింజెస్ బ్రాండు, డ్రాయర్ చానెళ్లు మామూలువా సాఫ్ట్‌క్లోజువా, చదరపు అడుగుకి ఎంత, అన్నీ వరసగా రాసి ఉంటాయి. ఇవన్నీ ఒకదానికొకటి ఎలా అతుక్కుంటాయో, అతుక్కున్నవి గోడని ఎలా పట్టుకుని నిలబడతాయో మాత్రం చాలా కొటేషన్లలో ఒక్క ముక్క కనబడదు. గుమ్మం చుట్టూ కొట్టే కవర్ బీడింగ్, గోడకి వేసే ప్యానెలింగ్ మీది అచ్చుపట్టీలు, చెక్క ఫ్లోరింగ్ అంచున వేసే స్కర్టింగ్, ఇవన్నీ చివర్లో వచ్చే పనులు. అప్పటికి ఇంటాయనకి ఓపిక, కాంట్రాక్టరుకి లాభం, కార్పెంటరుకి టైము అయిపోతుంటాయి. అందుకే ఏ పట్టీకి ఎంత పొడవు మేకు వేయాలన్న ప్రశ్న ఎవరూ అడగరు. ఆ రోజు గన్‌లో ఏ మేకు ఉంటే అదే పడుతుంది. ఈ పద్ధతి మారాలి. పట్టీ మందం చూసి కాదు, డబ్బాలో ఏముందో చూసి అసలే కాదు, పట్టీ వెనక ఏముందో చూసి మేకు పొడవు లెక్కగట్టాలి. ఆ లెక్క పని మొదలుకాకముందే కాగితం మీద ఉండాలి.

ఇదివరకు వడ్రంగి సంచిలో అరంగుళం నుంచి మూడంగుళాల దాకా మేకులు కలగాపులగంగా ఉండేవి. సుత్తి పట్టినవాడు చేత్తో తడిమి కావలసింది తీసుకునేవాడు. ఇప్పుడు కంప్రెసరు, నెయిల్ గన్ వచ్చాయి. గన్‌లో వేసే మేకులు పట్టీలుగా అతికించి డబ్బాల్లో వస్తాయి. మన దగ్గర వాటిని ఎఫ్ అక్షరంతో పిలుస్తారు, పక్కనున్న అంకె మిల్లీమీటర్లలో పొడవు. ఎఫ్10 దగ్గర మొదలై ఎఫ్50 దాకా దొరుకుతాయి. కానీ చాలా సైట్లలో కనబడేవి రెండే డబ్బాలు, ఎఫ్30, ఎఫ్50. చిన్నదానికి 30, పెద్దదానికి 50, అంతే లెక్క. గన్ వల్ల పని వేగం పెరిగిందన్నది నిజం. తలలేని సన్నటి మేకు గనుక మచ్చ కూడా చిన్నదే, కాస్త మైనమో లప్పమో పెడితే కనబడదు. అయితే సుత్తితో కొట్టేటప్పుడు చేతికి తెలిసే విషయం ఒకటి గన్‌తో పోయింది. మేకు గట్టి చెక్కలోకి దిగుతోందా, ఇసుకలోకి దిగుతోందా అన్నది దెబ్బ దెబ్బకీ మణికట్టు చెప్పేది. గన్‌కి రెండూ ఒకటే చప్పుడు. చేతికి తెలియనిది ఇప్పుడు ముందే లెక్క వేసుకోక తప్పదు.

లెక్కకి ఆధారం ఎక్కడుందంటే, అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్ నగరంలో 1910లో మొదలైన ప్రభుత్వ అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల ఒకటుంది. చెక్కలో దిగిన మేకుని వెనక్కి లాగడానికి ఎంత బలం కావాలో వాళ్లు దశాబ్దాలుగా కొలిచి ఒక సూత్రం రాశారు. ఆ బలం మూడింటి మీద ఆధారపడుతుంది: మేకు వ్యాసం, మొన ఉన్న చెక్కలోకి అది దిగిన లోతు, ఆ చెక్క సాంద్రత. రెండో మాటని జాగ్రత్తగా చదవాలి. మేకు మొత్తం పొడవు ఆ సూత్రంలో ఎక్కడా లేదు. పైపట్టీలో ఉండిపోయిన భాగం, మధ్యలో ప్లాస్టరింగ్‌లో ఉన్న భాగం, ఇవేవీ లెక్కలోకి రావు. వెనకున్న చెక్కలోకి దిగిన భాగమే లెక్క. ఇక మూడోది ఇంకా ఆసక్తికరం. దిగిన లోతు రెట్టింపైతే పట్టు రెట్టింపవుతుంది, అంతకుమించి కాదు. చెక్క సాంద్రత రెట్టింపైతే పట్టు అయిదున్నర రెట్లు దాటుతుంది. అంటే తేలికపాటి పైన్ ముక్కలో దిగిన మేకు కంటే, దానికి ఒకటిన్నర రెట్లు సాంద్రత ఉన్న టేకులో అంతే లోతు దిగిన మేకు రెండున్నర రెట్లకు పైగా బిగువుగా ఉంటుంది. మంచి టేకు ద్వారబంధానికి కొట్టే పట్టీకీ, పైన్ రీపర్‌కి కొట్టే పట్టీకీ ఒకే పొడవు మేకు వాడటంలో అర్థం లేదని ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

పట్టీ మందానికి మూడింతలు పొడవున్న మేకు వాడాలని, మేకులో మూడింట రెండొంతులు వెనక చెక్కలో ఉండాలని పనివాళ్లలో ఒక వాడుక లెక్క ఉంది. మంచి లెక్కే. కాకపోతే వెనక చెక్క ఉన్నచోటే అది పనిచేస్తుంది. అమెరికా ఇళ్లలో ఉంటుంది కాబట్టి అక్కడ పనిచేస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగువాళ్ల ఇంటి గోడ చాలావరకు నిలువు చెక్కల చట్రం. 38 మిల్లీమీటర్ల మందం, 89 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న నిలువు చెక్కలు సాధారణంగా 16 అంగుళాలకొకటి చొప్పున నిలబెట్టి, వాటి మీద అరంగుళం జిప్సం బోర్డు బిగిస్తారు. ముప్పావు అంగుళం పట్టీ, అరంగుళం బోర్డు కలిపితే అంగుళంపావు. రెండున్నర అంగుళాల మేకు వేస్తే మిగతా అంగుళంపావు చెక్కలోకి దిగుతుంది. ఈ అంగుళంపావుకి ఆ దేశపు ఎలక్ట్రికల్ కోడ్‌లో ఒక స్థానం ఉంది. కరెంటు తీగ కోసం నిలువు చెక్కకి వేసే రంధ్రం, చెక్క అంచు నుంచి కనీసం అంగుళంపావు లోపలికి ఉండాలి. అంతకంటే దగ్గరగా వస్తే అక్కడ ఇనప రేకు అడ్డం పెట్టాలి. మేకులు, స్క్రూలు తీగకి తగలకూడదనే ఆ నియమం. అంటే ముప్పావు అంగుళం పట్టీకి రెండున్నర అంగుళాల మేకు సరిగ్గా ఆ గీత దగ్గర ఆగుతుంది. అదే మేకుని అరంగుళం పట్టీకి కొడితే గీత దాటి పావంగుళం లోపలికి పోతుంది. పట్టీ సన్నబడితే మేకు కూడా పొట్టిది కావాలన్నది అక్కడ అందానికి సంబంధించిన సంగతి కాదు, తీగకి సంబంధించిన సంగతి.

ఇప్పుడు అమెరికా ఇళ్ల పనుల వీడియోలు చూసి ఇక్కడ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రెండంగుళాల మేకు తెప్పించుకునేవారి గోడ సంగతి చూద్దాం. దాని వెనక నిలువు చెక్కలు లేవు. పెయింటు, లప్పం, ఆ వెనక 12 నుంచి 20 మిల్లీమీటర్ల సిమెంటు ప్లాస్టరింగ్, దాని వెనక నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. కొత్త అపార్ట్‌మెంట్లలో ఇటుక బదులు తెల్లటి ఏఏసీ దిమ్మ ఉంటుంది. అల్యూమినియం ఫారమ్‌వర్క్‌తో పోసిన ఎత్తైన టవర్లలో అయితే మొత్తం కాంక్రీటే. ఈ మూడింటిలోనూ 18 గేజి సన్న మేకు చేసే పని సున్నా. కాంక్రీటుకి తగిలితే వంగి పట్టీలోంచే బయటికొస్తుంది. ఇటుకలో అయితే ప్లాస్టరింగ్‌ని పొడిచేసి వదులుగా నిలబడుతుంది. ఏఏసీ దిమ్మ ఇంకా మోసం. మేకు హాయిగా, అడ్డులేకుండా దిగిపోతుంది, దాంతో గట్టిగా పట్టిందనిపిస్తుంది. గాలి బుడగలతో నిండిన దిమ్మ అది, నున్నటి సన్న మేకుని పట్టి ఉంచే బిగువు దానికి లేదు. తలుపు కొన్నాళ్లు ధడేల్మని పడ్డాక పట్టీ అంచు గోడ నుంచి లేచి సన్నటి నల్లగీత కనబడుతుంది. అప్పుడు పెయింటరుని పిలిచి లప్పం పెట్టిస్తాం. అది మళ్లీ పగులుతుంది. తప్పు పెయింటరుది కాదు. అలాంటి గోడకి 30 సరిపోదని 50, 50 సరిపోదని 64 వెయ్యడం దండగ. గోడలో దిగిన లోతుకి ఇక్కడ విలువే లేదు కనక పొడవు పెంచి లాభం లేదు.

గుమ్మం చుట్టూ వేసే కవర్ బీడింగ్‌నే దగ్గరగా చూస్తే సంగతంతా తెలుస్తుంది. మూడంగుళాల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న టేకు పట్టీ అనుకుందాం. ద్వారబంధానికీ ప్లాస్టరింగ్‌కీ మధ్య వచ్చే పగులుని కప్పడం దాని పని. కాబట్టి దాని లోపలి అంచు చెక్క మీద, బయటి అంచు గోడ మీద కూర్చుంటాయి. ఒకటే పట్టీ, కింద రెండు లోకాలు. లోపలి అంచున ఎఫ్30 వేస్తే 12 పట్టీలో పోగా 18 మిల్లీమీటర్లు బంధంలోకి దిగుతుంది. మూడింతల లెక్క ప్రకారం 36 కావాలి కదా అంటారేమో. వెనకున్నది టేకో సాలో అయినప్పుడు, సాంద్రత లెక్క గుర్తుంచుకుంటే, ఆ 18 ధారాళంగా చాలు. ఈ పట్టీ మోసే బరువు దాని సొంత బరువే. అక్కడ 50 కొడితే ముదురు టేకులో సన్న మేకు దారి తప్పి, నార వెంబడి వంగి, పక్కనుంచి మొన బయటపెట్టే అవకాశమే ఎక్కువ. అందుకే పట్టీని పట్టుకున్న చెయ్యి కనీసం మేకు పొడవంత దూరంలో ఉండాలంటారు. బయటి అంచున కథ వేరు. అక్కడ ఏ ఎఫ్ మేకూ పనికిరాదు. డ్రిల్లుతో రంధ్రం వేసి రావెల్ ప్లగ్గు దించి స్క్రూ బిగించాలి, లేదా ప్లాస్టరింగ్ చేయకముందే గుమ్మం పక్కన చెక్క ముక్క పాతించి ఉంచాలి. పాత ఇళ్లలో గోడలో చెక్క గూటాలు దిగ్గొట్టి వాటికి మేకు కొట్టేవారు. ఆ పనివాళ్లకి ప్రయోగశాల సూత్రం తెలియకపోవచ్చు గానీ మేకుకి చెక్క కావాలన్న సంగతి తెలుసు. మనం గన్ కొని ఆ తెలివిని పక్కనపెట్టాం. స్క్రూ పొడవుకీ లెక్క అదే: పట్టీ 12, ప్లాస్టరింగ్ 15, ఆపైన ఇటుకలోకి కనీసం 25 అనుకుంటే 50 మిల్లీమీటర్ల స్క్రూకే రెండు తక్కువ.

ప్యానెలింగ్ మీది అచ్చుపట్టీల్లో ఇబ్బంది మరో రకం, అక్కడ చోటే ఉండదు. గోడకి 12 మిల్లీమీటర్ల ప్లై బిగించి, దాని మీద 12 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ పట్టీ వేస్తున్నారనుకోండి. రెండూ కలిపి 24. ఎఫ్25 వేస్తే మొన ప్లై దాటి వెనక సిమెంటుకి తగిలి, మేకు పూర్తిగా కూర్చోక పైన చిన్న మొటిమలా లేస్తుంది. ఎఫ్20 వేస్తే 8 మిల్లీమీటర్లే దిగుతుంది, పట్టు తక్కువ. కాబట్టి ఇక్కడ 20 వేసి, పట్టు బాధ్యత ఫెవికాల్‌కి అప్పజెప్పడమే సరైన లెక్క. వార్డ్‌రోబ్ తలుపు మీద వేసే 8 మిల్లీమీటర్ల అచ్చుపట్టీకి ఎఫ్20 హాయిగా సరిపోతుంది. ఎఫ్30 వేశారో, 18 మిల్లీమీటర్ల తలుపు వెనక నాలుగు మిల్లీమీటర్ల మొన బయటికొస్తుంది. దాని ఉనికి మొదట కనిపెట్టేది లోపల తగిలించిన పట్టుచీర. పూజగది తలుపుకి అద్దం బిగించే సన్న బీడింగ్‌కి మేకు ఏమాత్రం పొడవైనా, కోణం కాస్త తప్పినా అద్దం అంచుకి తగులుతుంది. పగులు ఆ రోజు రాకపోవచ్చు. తలుపు నాలుగుసార్లు పడ్డాక వస్తుంది.

పొడవు ఎక్కువైతే కాస్త ఇనుము దండగ అంతే కదా, తక్కువ కావడం కంటే ఎక్కువ కావడం నయం కదా అనేది అందరూ అనే మాట. చెక్కకి చెక్క బిగించి, వెనక ఏమీ లేని చోట ఆ మాట కొంతవరకు నిజమే. మన గోడల్లో అది ప్రమాదం. ఇక్కడ ఇటుక గోడని కాస్త చెక్కి కరెంటు పైపు పెట్టి పైన ప్లాస్టరింగ్ చేస్తారు. చాలాచోట్ల పైపుకీ గది గాలికీ మధ్య ఉన్నది ఆ ప్లాస్టరింగ్ పొర ఒక్కటే. టీవీ గోడలో పైపులు మరీ ఎక్కువ. స్నానాలగదికి ఆనుకున్న పడకగది గోడలో వేడినీళ్ల సీపీవీసీ పైపు ఉండొచ్చు. సన్న మేకు ఇటుకని చీల్చలేకపోవచ్చు గానీ, ప్లాస్టరింగ్‌ని దాటి ప్లాస్టిక్ పైపుని పొడవడానికి దానికి పెద్ద బలం అక్కర్లేదు. ఎఫ్ మేకు నిలవడం లేదని కాంక్రీటు మేకుల గన్ తెప్పిస్తే మరీ ముప్పు. అమెరికాలో అంగుళంపావు గీత గీసి తీగని కాపాడే నియమం ఉన్నట్టే, ఇక్కడ మన గీత మనమే గీసుకోవాలి: పట్టీ మందం, ప్లాస్టరింగ్ మందం కలిపి దాటే మేకు ఏదీ, వెనక ఏముందో తెలియని గోడ మీద పడకూడదు.

రెండో మాట కార్పెంటర్లే అంటారు. అసలు పట్టు జిగురుది, మేకు జిగురు ఆరేదాకా ఆసరా మాత్రమే, దాని పొడవు గురించి ఇంత చర్చ ఎందుకు అని. ఈ మాటలో నిజం చాలా ఉంది. ప్లైకి టేకు అంచుపట్టీ అతికించేటప్పుడు జరిగేది అదే. కానీ ఆ వాదన నడిస్తే పొట్టి మేకు దగ్గరికే చేరాలి, చేతికొచ్చిన మేకు దగ్గరికి కాదు. పైగా జిగురుకీ వెనకున్నదానితోనే లెక్క. చెక్కకి చెక్క అంటుకుంటే సరే. పెయింటు వేసిన గోడకి పట్టీ అంటిస్తే జిగురు పట్టుకునేది గోడని కాదు, పెయింటుని. పెయింటు లప్పాన్ని, లప్పం ప్లాస్టరింగ్‌ని పట్టుకుని ఉంటాయి. ఈ మూడింటిలో బలహీనమైనది ఏదో అదే ఆ పట్టీ బలం. మచిలీపట్నం, విశాఖ లాంటి సముద్రతీర ఊళ్లలో వానాకాలపు తేమకి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. వెడల్పాటి పట్టీ ఏటా అలా కదులుతుంటే లప్పం పొర మీద నిలబడ్డ జిగురు ఎంతకాలం ఓపిక పడుతుంది? ఎండని చెక్క అయితే మేకు పట్టు కూడా పోతుంది. పచ్చి చెక్కలో కొట్టిన మేకు, ఆ చెక్క ఆరిన తరవాత తన పట్టులో పెద్ద భాగం పోగొట్టుకుంటుందన్నది ఆ మాడిసన్ ప్రయోగశాల వాళ్లే తేల్చిన సంగతి. పొడవాటి మేకుతో ఈ లోటు తీరదు, ఆరిన చెక్క కొంటే తీరుతుంది.

ఇంకో అభ్యంతరం మర్యాదకి సంబంధించింది. ఇరవయ్యేళ్లుగా పనిచేస్తున్న మేస్త్రికి మేకు పొడవు నేర్పడానికి మనమెవరం? పనివాడి చేతికి అడ్డంపడే ఇంటాయనలు ఇప్పటికే ఎక్కువగా ఉన్నారు, ఇంకో ఆయుధం ఇస్తున్నారా అని. అడగాల్సిన ప్రశ్నే. మంచి మేస్త్రి ఈ లెక్క నోటితో చెప్పకపోయినా చేత్తో వేస్తాడు, అనుమానం లేదు. కానీ మేకులు కొనేది ఆయన కాదు. చదరపు అడుగుకి ఇంత అని ఒప్పుకున్న కాంట్రాక్టరు సామాను పంపుతాడు. రెండు డబ్బాలు పంపితే రెండు పొడవులతోనే పని పూర్తిచేయమని అర్థం. పనిచేసేవాళ్లకి రోజు కూలో, అడుగు కూలో. 20 మేకుల డబ్బా లేదని పని ఆపి దుకాణానికి పరుగెత్తే వీలు వాళ్లకి ఉండదు. నగరంలో ఇంటీరియర్ పనివాళ్లలో చాలామంది రాజస్థాన్ నుంచో ఉత్తరప్రదేశ్ నుంచో వచ్చినవాళ్లు, ఇంటివాళ్లతో మాటలు కూడా అంతంతమాత్రం. కాబట్టి పొడవులు కాగితం మీద ఉండటం మేస్త్రి మీద పెత్తనం కాదు. ఆయనకి కావలసిన సామాను కాంట్రాక్టరుచేత కొనిపించే సాధనం అది. ఎఫ్20, 30, 40, 50 నాలుగు డబ్బాలూ తెప్పించినా ఒక జత సాఫ్ట్‌క్లోజ్ చానెళ్ల ఖరీదుతో సరిపోయే వ్యవహారం. లక్షల పనిలో దాన్ని ఖర్చని వాదించే కాంట్రాక్టరు ఉంటే, మిగతా సామాను కూడా ఒకసారి చూసుకోవడం మంచిది.

కొటేషన్‌లో రాయాల్సింది పేజీలకి పేజీలేం కాదు. బీడింగ్ పనికి ఎదురుగా ఓ నాలుగు మాటలు: పట్టీ మందం ఎంత, వెనక ఏముంది, ఏ మేకు, గోడ వైపు అంచు దేనితో. కవర్ బీడింగ్ అయితే ‘బంధం వైపు ఎఫ్30, గోడ వైపు ప్లగ్గు వేసి స్క్రూ’ అని ఉంటే చాలు. 12 మిల్లీమీటర్ల ప్యానెలింగ్ అయితే ‘జిగురుతో పాటు ఎఫ్20’ అని ఉండాలి. ప్లాస్టరింగ్ మందం ఎంతో తెలియాలంటే గోడ పగలగొట్టక్కర్లేదు, స్విచ్‌బోర్డు మూత విప్పితే పెట్టె అంచు దగ్గర తెలుస్తుంది. ఇల్లు కొత్తగా కడుతున్నవాళ్లకి ఇంకా మంచి అవకాశం ఉంది. పైపులు వేసి ప్లాస్టరింగ్ చేసేలోపు ఒక్కో గోడకి టేపు ఆనించి ఫొటో తీసి పెట్టుకోవాలి. ఆర్నెల్ల తరవాత టీవీ గోడ మీద పట్టీ కొట్టే రోజున ఆ ఫొటో మేస్త్రి ఫోనులో ఉండాలి.